ఆయుధ పూజ చేసిన బూట్లతో మాంట్రియల్‌కు

శుక్రవారం ఉదయం ఆరుంబావుకు, కెనడాలో మేముండే మిల్టన్ స్టేషన్ పార్కింగ్‌లో మా ఆయన ప్రసాద్ కారు ఆపాడు. నవంబరు మొదటి వారం. రాత్రి పడిన మంచు గడ్డి మీద పలచగా ఉంది, రోడ్డు మీద లేదు. నా దగ్గర ఒక బ్యాక్‌ప్యాక్, పులిహోర డబ్బా, ఒళ్లో ఒక అట్టపెట్టె. "పెట్టె రైల్లో మర్చిపోయేవు, జాగ్రత్త" అన్నాడు. మర్చిపోదామన్నా మర్చిపోయే వస్తువు కాదది. పన్నెండేళ్లుగా మా దేవుడి గదిలో ఉన్న ఒక జత నల్ల బూట్లు.

దేవుడి గదిలో బూట్లేమిటని మీకు అనిపిస్తే తప్పు లేదు. మా అత్తగారికీ అనిపించింది. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు చూసి రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. సంగతి తెలిశాక ఆవిడే ఆ దసరాకి పసుపు తడిపి ఇచ్చారు. అవి అసుంతా రొబ్లేరో అనే ఫ్లమెంకో నర్తకి ఆఖరి ప్రదర్శనలో వేసుకున్న బూట్లు. ఆమె నా గురువు. అందరూ మాయెస్త్రా అంటారు, అంటే గురువుగారనే.

ఫ్లమెంకో స్పెయిన్ దక్షిణాది నాట్యం. చేతులూ నడుమూ కంటికి అందంగానే ఉంటాయి గానీ ప్రాణమంతా పాదాల్లో ఉంటుంది. మనకు గజ్జెలు చేసే పని వాళ్లకు బూట్లు చేస్తాయి. బూటు అడుగున, వేళ్ల కిందా మడమ కిందా, చిన్న చిన్న మేకులు దగ్గర దగ్గరగా కొట్టి ఉంటాయి. చెక్క నేల మీద అవి పలుకుతాయి. మాయెస్త్రా తండ్రి మద్యం పీపాలు చేసే పనివాడట. ఆయన సుత్తి దెబ్బలకు అడుగులు వేస్తూ పెరిగింది. పదిహేడేళ్లకు ఊరి సత్రంలో వేదిక ఎక్కింది, ఇరవై దాటేసరికి పారిస్, బ్యూనస్ ఐరిస్, టోక్యో. స్టూడియో గోడల మీద ఆ ఫొటోలన్నీ ఉండేవి. ఒక శీతాకాలం బృందంతో మాంట్రియల్ వచ్చి, మోకాలు దెబ్బ తిని, బృందం వెళ్లిపోతే తాను ఉండిపోయింది. ఒక బేకరీ పైన గది అద్దెకు తీసుకుని నలభై ఏళ్లపాటు నేర్పింది.

ఆమెకు ఒక పట్టుదల ఉంది. ఎవరినీ వీడియో తీయనివ్వదు. పాదం నుంచి పాదానికే పోవాలి అనేది. అంతేకాదు, పాఠాలు అందరికీ చెప్పేది గానీ, తాను కూర్చిన నాట్యాలు మాత్రం ఒక్కో శిష్యురాలికి ఒక్కొక్కటే ఇచ్చేది. నాకిచ్చినదాని పేరు 'తలుపు'. ప్రతి ప్రదర్శన చివరా వేదిక దిగే ముందు చేసే మూడు నిమిషాల అడుగులు. ఆమెకు పేరు తెచ్చింది అదే. అది నాకు తప్ప మరెవరికీ రాదు.

మొన్న వసంతంలో మాయెస్త్రాకు పక్షవాతం వచ్చింది. పెద్ద శిష్యురాలు లూసీ సెప్టెంబరులో ఫోన్ చేసి, డిసెంబరుకు స్టూడియో మూసేస్తున్నామని, అందరూ వచ్చి తమకిచ్చినది ఒకసారి చేసి చూపించాలని చెప్పింది. మాయెస్త్రాకు తన నాట్యాలు చాలావరకు గుర్తులేవట. కానీ రోజూ ఒకటే అడుగుతోందట, తలుపు ఇంకా ఉందా అని. ఉందని చెప్పమన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు చెమట పట్టింది.

ఎందుకంటే పన్నెండేళ్లలో ఆ బూట్లు నేను ఒక్కసారి కూడా వేసుకోలేదు.

కెనడా వచ్చిన కొత్తలో రెండేళ్లు మాంట్రియల్‌లో ఉన్నాం. ప్రసాద్‌కు ఉద్యోగం, నాకు చలి. కూచిపూడి నేర్చుకున్న కాళ్లు ఊరుకోవు కదా, ఒక సాయంత్రం వీధిలో పోతుంటే పైనుంచి అడుగుల చప్పుడు వినిపించి మెట్లెక్కాను. గుమ్మం దగ్గర బూట్లు విప్పేసి, లోపలికి వెళ్లి, అలవాటు ప్రకారం నేలను తాకి కళ్లకద్దుకున్నాను. మాయెస్త్రా నన్ను ఎగాదిగా చూసి "ఏమైనా పోయిందా?" అని అడిగింది. నేలకు దణ్ణం పెట్టానని నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేసరికి ఆవిడకు నవ్వాగలేదు. రేపటి నుంచి ఆ నేలను మేకులతో కొట్టాలి నువ్వు, అంది.

మిల్టన్‌కు మారిపోయేటప్పుడు ఆ బూట్లు ఇచ్చింది. ఇద్దరి కొలతా ఒకటే. గురువుగారి పాదరక్షలు మన కాళ్లకు తొడుక్కుంటామా చెప్పండి? దేవుడి గదిలో పెట్టాను. ఏటా దసరాకు నా గజ్జెలతో పాటు వాటికీ ఆయుధ పూజ చేశాను. పన్నెండు దసరాల పసుపూ కుంకుమా కుట్లలోకి దిగిపోయాయి. ప్రయాణానికి ముందు తడిబట్టతో తుడిస్తే కుంకుమ ఇంకా అలుముకుంది. మా అమ్మాయి అన్వి చూసి, "అమ్మా, దే ఆర్ జస్ట్ షూస్" అంది. పదమూడేళ్ల పిల్లతో వాదన ఎందుకని ఊరుకున్నాను.

మరి తలుపు? దాన్ని వదల్లేదు. మిస్సిసాగా ఆఫీసు నుంచి వచ్చాక బేస్‌మెంట్‌లో పిల్లలకు కూచిపూడి నేర్పి, వాళ్లు వెళ్లాక వట్టి కాళ్లతో చేసుకునేదాన్ని. ఆమె చెప్పిన అడుగులన్నీ మన జతుల్లో ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. వాళ్ల తాళం పన్నెండు మాత్రలు. నా బుక్కులో అది తకిట తకిట తక తక తక. మూడు, మూడు, రెండు, రెండు, రెండు. కానీ వట్టి కాళ్ల తలుపు తలుపేనా, ఏదో నా సొంత కూచిపూడి అయిపోయిందా? అది తెలియకనే బయలుదేరాను.

ఏడూ నలభైకి, రైలు మారే యూనియన్ స్టేషన్ చేరాను. మాంట్రియల్ రైలు ఎనిమిదిన్నరకు. వెళ్లేవాళ్లకు ఒక మాట: కుడివైపు కిటికీ సీటు తీసుకోండి, ఒషావా దాటాక సరస్సు కనిపిస్తుంది. నాకు కుడివైపే దొరికింది గానీ కిటికీ దగ్గర అప్పటికే ఒకాయన ఉన్నాడు. పేరు రవీందర్, వరంగల్ మనిషి, నార్త్ యార్క్‌లో ఉంటాడు, బ్యాంకు ఐటీలో పని. వీసా స్టాంపింగ్‌కు మాంట్రియల్ వెళ్తున్నాడు. పులిహోర డబ్బా మూత తీయకముందే తెలుగువాళ్లమని తెలిసిపోయింది. కింగ్‌స్టన్ దగ్గర గూడ్సు బండి కోసం మా రైలు అరగంట ఆగింది. అప్పుడు ఇద్దరం పులిహోర తిన్నాం.

పెట్టె నుంచి కర్పూరం వాసన వస్తోందని, పూజ సామానా అని అడిగాడు. మూత తీసి చూపించి కథంతా చెప్పాను. ఆయన పులిహోర ముద్ద చేతిలో పట్టుకునే, వంగి బూట్ల కుట్లు చూశాడు.

"మీరు ఏమనుకోనంటే ఒక మాట చెప్త మేడం. మా నాయన దర్జీ. దసరానాడు మిషన్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ రోజు కాలు పెట్టకపోయేటోడు. తెల్లారంగనే మళ్ల అదే మిషన్ మీద కూర్చునేటోడు. పూజ అంటే అంతే గదా. మీకు పన్నెండేండ్ల సంది తెల్లారలేదు."

నాకు కోపం వచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషి, నా పులిహోర తింటూ, నాకు పూజ గురించి చెప్పడమా అనుకున్నాను. బ్రాక్‌విల్ దాటేదాకా పుస్తకం చదువుతున్నట్టు కూర్చున్నాను. ఒక్క పేజీ కూడా తిప్పలేదు. ఆయన అన్నది నిజమే.

రెండున్నరకు మాంట్రియల్. రవీందర్ గారు దిగేటప్పుడు ఆల్ ది బెస్ట్ అన్నారు, నేనూ ఆయన స్టాంపింగ్‌కు ఆల్ ది బెస్ట్ చెప్పాను. స్టేషన్ లోపలి నుంచే మెట్రోకు దారి ఉంది, చలిలోకి వెళ్లనక్కర్లేదు. మోన్-రాయల్ స్టేషన్‌లో దిగి పది నిమిషాల నడక. ఆన్‌లైన్‌లో తీసుకున్న గది మూడో అంతస్తు, ఈ ఊరి వాడుక ప్రకారం ఇనప మెట్లు ఇంటి బయటే. మంచు రోజుల్లో వయసు మళ్లినవాళ్లు ఇలాంటి గదులు తీసుకోవద్దు. టీ తాగి, చీర కట్టుకుందామా అని ఒక నిమిషం ఆలోచించి, మామూలు ప్రాక్టీసు బట్టలే వేసుకుని అయిదింటికి స్టూడియోకు వెళ్లాను.

బేకరీ ఉంది, వాసన ఉంది, మెట్లూ ఉన్నాయి. గోడల మీద ఫొటోలు సగం తీసేశారు, వాటి చోట తెల్లటి చతురస్రాలు మిగిలాయి. ఏడుగురం శిష్యురాళ్లం. మూలన ముసలి గిటారిస్టు మతీయాస్. మాయెస్త్రా కుర్చీలో ఉంది. ఎనభై దాటాయి. ఎడమ చెయ్యి ఒళ్లో పడి ఉంది, కుడి చేతిలో తాళం వేసే పాత కర్ర. నేను గుమ్మంలో బూట్లు విప్పి నేలను తాకాను. ఆమె మొహంలో కదలిక లేదు. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియలేదు.

ఒక్కొక్కరూ లేచి తమకిచ్చినది చేశారు. మాయెస్త్రా చూస్తూ ఉంది. కర్ర కదల్లేదు. లూసీ నా చెవిలో, ఆవిడకు ఇవి తన నాట్యాలేనని కూడా తెలియడం లేదేమో అంది. నేను పెట్టెను ఒళ్లోకి లాక్కున్నాను.

నా వంతు వచ్చింది, పెట్టె తెరిచాను. మాయెస్త్రా చెయ్యి చాపి బూట్లు అడిగింది. ఇచ్చాను. కుంకుమ చూస్తుందనుకున్నాను. చూడలేదు. తిరగేసి, బొటనవేలితో మేకులు తడిమింది, ఒక్కొక్కటీ, మడమ నుంచి వేళ్ల దాకా. పన్నెండేళ్లు నాట్యమాడిన బూట్ల మేకులు అరిగి చదునైపోవాలి. ఇవి తాను ఇచ్చిన రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"నువ్వు ఆడలేదు" అంది. మాట నెమ్మదిగా, ఒక పక్కకు లాగుతూ వచ్చింది గానీ స్పష్టంగానే వచ్చింది.

నాకు ఏడుపు వచ్చేసింది. గబగబా అంతా చెప్పేశాను. దేవుడి గది, దసరా, పసుపు, వట్టి కాళ్లు, బేస్‌మెంట్. నా ఇంగ్లీషు వేగం ఆవిడకు అందక, లూసీ ఫ్రెంచిలోకి మార్చి చెప్తోంది. ఆయుధ పూజను ఎలా మార్చిందో ఆ దేవుడికే తెలియాలి. మాయెస్త్రా కర్రతో నా కాలు చూపించింది. సాక్స్ తీయమంది. కుర్చీ పక్కన ఉన్న స్టూలు మీద పాదం పెట్టించుకుని, మేకులు తడిమినట్టే నా మడమ తడిమింది. బండబారిన మడమ, చీలికలు, బొటనవేలి కింద రాయిలాంటి కాయ. పెళ్లిళ్లలో పట్టుచీర కింద దాచుకునే పాదం అది. ఆమె బొటనవేలు ఆ కాయ మీద ఆగింది.

"చెయ్యి" అంది.

మతీయాస్ ఒకటి, రెండు అని లెక్కపెట్టి మొదలుపెట్టాడు. నేనూ వట్టి కాళ్లతో మొదలుపెట్టాను. నాలుగు ఆవర్తాలు తిరిగేసరికి ఏదీ దేనికీ పొసగలేదు. గిటార్ ఒక దారిన, నా కాళ్లు ఒక దారిన. ఆయన ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అంతే. పోయింది, తలుపు నా చేతుల్లోనే పోయింది అనుకున్నాను. ఏం చేయాలో తెలియక, క్లాసులో పిల్లలు తప్పినప్పుడు చేసే పనే చేశాను. నిలబడి, చేత్తో తాళం వేస్తూ, జతి పైకి చెప్పాను. తకిట తకిట తక తక తక.

మతీయాస్ తల ఎత్తాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. వాళ్ల తాళంలో మొదటి దెబ్బను ఒకటి అనరు, పన్నెండు అంటారు. అక్కడి నుంచే తిరగాలి. నేను గిటార్ లేకుండా ఇన్నేళ్లూ ఒంటరిగా చేసుకుంటూ, మనవాళ్లలాగా మొదటి దెబ్బకు ఒకటి అని పేరు పెట్టేసుకున్నాను. ఆయన ఒకటి అన్నచోట నేను ఎత్తుకున్నాను, ఎత్తుకోవాల్సింది దానికి ముందు. అడుగుల్లో తప్పు లేదు. ఒక్క మాత్ర పక్కకు జరగాలి, అంతే.

ఈసారి మాయెస్త్రా బూట్లు నా ముందు పడేసింది. వేసుకోమని అర్థం. వట్టి కాళ్లతో ఆడీ ఆడీ నా పాదాలు వెడల్పయ్యాయి, బిగుతుగా పట్టాయి. కుంకుమ నా పాదాలకు అంటుకుంది. మతీయాస్ పన్నెండు అన్నచోట త అన్నాను. మేకులు పలికాయి.

ఆ చప్పుడు విని నేనే అదిరిపోయాను. పన్నెండేళ్లు ఆ అడుగులన్నీ నాకు మనసులోనే వినిపించేవి. రెండో నిమిషంలో ఒకచోట నా నోటుబుక్కులో ఖాళీ ఉంటుంది. అక్కడ పాదం ఎత్తి, కింద పెట్టకుండా అయిదు మాత్రలు ఆగాలి. బేస్‌మెంట్‌లో నేను నాలుగే ఆగుతున్నానేమో అని ఎప్పుడూ అనుమానమే. పాదం ఎత్తాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. దించబోతున్నాను. కర్ర నేల మీద టప్పున పడింది. పాదం దానంతట అదే ఆగిపోయింది. అయిదు. అప్పుడు దించాను. ఆ పైన చివరిదాకా కర్ర నాతోపాటే వచ్చింది, ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

అయిపోయింది. మాయెస్త్రా లూసీ వైపు తిరిగి ఏదో అంది. లూసీ కళ్లు తుడుచుకుంటూ నాకు చెప్పింది: "తలుపు ఉంది అంటోంది. రేపు నువ్వు మాకందరికీ నేర్పాలట."

ఒక నాట్యం ఒక్కరికే అనే పట్టుదల అలా ఆవిడే విడిచిపెట్టింది.

శనివారం పదింటి నుంచి నాలుగింటి దాకా ఆరుగురికీ తలుపు నేర్పాను. వాళ్లకు అడుగులు ఇట్టే పట్టుబడ్డాయి, జతులు పట్టుబడలేదు. ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్ నోళ్లలో తకిట తాకితా అయింది, నేనూ సరిదిద్దలేదు. మధ్యాహ్నం కింద బేకరీ నుంచి రొట్టె, చీజు, సూపు తెప్పించారు. మిగిలిన పులిహోర మతీయాస్ తిని, మిరపకాయ కొరికి, గిటార్ పక్కన పెట్టి నీళ్లు తాగుతూ కూర్చున్నాడు. మాయెస్త్రా రెండింటి దాకా ఉండి, కుర్చీలోనే నిద్రపోయింది.

వచ్చేటప్పుడు బూట్లు ఆమె ఒళ్లో పెట్టాను, మీవి మీకే అని. తిరిగి ఇచ్చేసింది. మేకులు అరగ్గొట్టు, అరిగాక కొత్తవి కొట్టించు, అంది. ఎర్రరంగు తుడవాలా అని అడిగితే ఆవిడకు ప్రశ్న అర్థం కాలేదు. ఎందుకు తుడవడం అన్నట్టు చూసింది. వంగి కాళ్లకు దణ్ణం పెట్టబోతే కర్ర అడ్డం పెట్టి ఆపి, బుగ్గ మీద ముద్దు పెట్టింది.

ఆదివారం పదకొండు గంటల రైలు. ఈసారి ఎడమవైపు కిటికీ. పక్క సీట్లో ఎవరూ లేరు. స్పెయిన్‌లో సుత్తి దెబ్బల మధ్య పుట్టిన అడుగులు, ఒక బేకరీ పైన బతికి, మిల్టన్ బేస్‌మెంట్‌లో వట్టి కాళ్ల మీద దాగి ఉండి, మళ్లీ ఆ బేకరీ పైకే వెళ్లి ఏడుగురి కాళ్లలోకి చేరాయి. ఆవిడ వెళ్లిపోయినా అవి ఉంటాయి. భద్రంగా దాచానని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. ఇంకో పదేళ్లు అలాగే దాచి ఉంటే నాతోనే పోయేవి. రవీందర్ గారికి ఆ మాట చెప్పాలనిపించింది గానీ నంబరు తీసుకోలేదు.

ఆదివారం మిల్టన్‌కు రైలు ఉండదు, యూనియన్ నుంచి బస్సే. అయిదున్నరకు దిగేసరికి ప్రసాద్, అన్వి కారులో ఉన్నారు. ప్రసాద్ నల్ల పాలిష్ డబ్బా కొని ఉంచాడు. అక్కర్లేదని చెప్పి, దారిలో హార్డ్‌వేర్ షాపు దగ్గర ఆపమన్నాను. బేస్‌మెంట్‌లో కాంక్రీటు మీద కార్పెట్, దాని మీద మేకులు పలకవు. చెక్క కావాలి.

ప్లైవుడ్ షీట్లు షాపు చివర ఉన్నాయి. ఏ మందం కావాలని అడిగాడు ప్రసాద్. నాకేం తెలుసు? ఒక షీటు కింద వేయించి, పెట్టె తెరిచి, అక్కడే బూట్లు తొడుక్కున్నాను. అన్వి "అమ్మా, పీపుల్ ఆర్ లుకింగ్" అని పక్క వరుసలోకి వెళ్లి నిలబడింది. చెక్క మీద కాలు పెట్టబోతూ ఆగాను. బూట్లు విప్పలేదు. అలాగే వంగి, చెక్కను తాకి, కళ్లకద్దుకున్నాను. తర్వాత మడమతో ఒక్క దెబ్బ కొట్టాను. షాపంతా వినిపించింది.

ఎర్ర చొక్కా వేసుకున్న ఉద్యోగి పరుగున వచ్చి, ఏమైనా పోయిందా మేడం, వెతుకుతున్నారా అని అడిగాడు.

లేదు, ఈ షీటే ఇవ్వండి అన్నాను.